తుపాన్ల నెలలు రాకముందే ఎస్‌ఎంపీఎస్ విప్పి చూసుకునేవాళ్లకు

అక్టోబరు దగ్గర పడుతోందంటే విశాఖలో కిటికీ గడియలు, ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్లు చూసుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేర్పిన అలవాటది. బల్ల కింది సీపీయూ మాత్రం ఎవరికీ గుర్తుండదు. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో అందులోని ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కి కావాల్సిన తక్కువ వోల్టుల్లోకి మార్చే పెట్టె) ఫ్యాన్ ఏడాదంతా ఉప్పుగాలినే లోపలికి లాగుతుంది. ఉప్పు కలిసిన దుమ్ము బోర్డు మీద పేరుకుంటుంది. వానాకాలం అది తేమ పట్టి, కరెంటు పారకూడని చోట పారనిస్తుంది.

వారంటీ ఉంటే విప్పకండి. ప్లగ్ పీకి, ఫ్యాన్ జాలీలోంచి టార్చి వేసి చూడండి. కెపాసిటర్ల (చార్జిని దాచుకునే చిన్న డబ్బాల్లాంటి భాగాల) నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా, జాలీకీ స్క్రూలకీ బాగా తుప్పు పట్టినా అది చెడిపోతోందని అర్థమైపోతుంది.

వారంటీ అయిపోయి, విప్పే అనుభవం ఉన్నవాళ్లయితే ముందు పెద్ద కెపాసిటర్‌కి భయపడండి. 230 వోల్టుల ఏసీ డీసీగా మారేసరికి అక్కడ సుమారు 325 వోల్టులు ఉంటాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూటు) ఉన్నవాటిలో 380 పైమాటే. పాడైన ఎస్‌ఎంపీఎస్‌తో ఇంకా ప్రమాదం. బాగున్నదైతే ప్లగ్ పీకాక లోపలి సర్క్యూటే ఆ చార్జిని వాడేసుకుంటుంది. చెడిపోయినదానిలో దాన్ని తాగేవాళ్లుండరు. రాత్రి ప్లగ్ పీకిన ఒకదానిలో మర్నాడు పొద్దున నా మీటరు 180 వోల్టులు చూపించింది. ఆ రోజు ముందు మీటరు పెట్టాను కాబట్టి సరిపోయింది.

స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. హోల్డర్‌కి బిగించిన 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు వైర్లను కెపాసిటర్ కాళ్లకు ఆనించి, తర్వాత మీటరుతో చూసి, 10 వోల్టులలోపు వచ్చాకే చెయ్యి పెట్టండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. మణికట్టుకి కట్టే ఆంటీ స్టాటిక్ పట్టీ (ఒంట్లోని స్థిర విద్యుత్తును ఎర్త్‌కి పంపేది) కట్టుకోవద్దు, అది మిమ్మల్ని ఎర్త్‌కి కలిపేస్తుంది. కరెంటు వచ్చే వైపున్న హీట్‌సింకుల్లోనూ (వేడిని లాగే లోహపు రేకుల్లోనూ) కరెంటు ఉండొచ్చు. మూత తీసి ఉండగా ఎట్టి పరిస్థితుల్లోనూ ప్లగ్ పెట్టకండి.

ఇక నాణ్యత. నేను మొదట చూసేది ప్లగ్ వైపే. కరెంటులోని అలజడిని వడగట్టే చోక్ కాయిలు, పెట్టెల్లాంటి ఎక్స్ కెపాసిటర్లు, వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడు అడ్డుకునే, బిళ్లలా ఉండే ఎంఓవీ ఉన్నాయా? చవక సరుకులో వాటికి బోర్డు మీద గుర్తులుంటాయి గానీ భాగాలుండవు, చోక్ చోట ఒట్టి వైరు ముక్క ఉంటుంది. తుపానుకి కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు దెబ్బ తినాల్సింది ఎంఓవీ. అది లేకపోతే దెబ్బ లోపలికి పోతుంది. ఎంఓవీ నల్లగా మాడి ఉంటే ఆ ఎస్‌ఎంపీఎస్ మార్చేయండి. కెపాసిటర్ మీద 105 డిగ్రీలని ఉంటే మంచిది, 85 మన ఉక్కకి చాలదు. నిచికాన్, రూబికాన్, నిప్పన్ కెమికాన్ అనే జపాన్ కంపెనీల పేర్లు కనిపిస్తే నాకు కొంత ధైర్యం.

అన్నిటికన్నా ముఖ్యం, బోర్డు అడుగున మెయిన్స్ (గోడ కరెంటు) వైపునీ 12 వోల్టుల వైపునీ వేరుచేసే ఖాళీ పట్టీ. మీ చెయ్యి తగిలే క్యాబినెట్‌కీ మెయిన్స్‌కీ మధ్య అడ్డుగోడ అదే. అక్కడ తెల్లటి ఉప్పు పొర, నల్లబడి గట్టిపడిన జిగురు కనిపిస్తే మెత్తటి బ్రష్షుతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మూత వేయండి.

మూత బిగించాక ప్లగ్ పెట్టి మీటరుతో చూస్తే 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడితే ఎక్కువసార్లు తప్పు ఎర్తింగ్‌ది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి గోడ సాకెట్ చూపించండి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు స్విచ్ ఆపడంతో ఆగకుండా ప్లగ్, ఇంటర్నెట్ కేబుల్ రెండూ పీకేయండి. లోపలికి ఉప్పునీరు వెళ్తే ఎండలో పెట్టి మళ్లీ వాడొద్దు. నీళ్లు ఆరినా ఉప్పు బోర్డు మీదే ఉండిపోతుంది.