లారీ గేర్‌బాక్సు పార్సిల్ చేయాలా? దింపేవాళ్లను తలుచుకుని కట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్సును లారీకెక్కించడం పెద్ద పనేమీ కాదు. షెడ్డులో చైన్ కప్పీ ఉంటుంది, కేకేస్తే నలుగురు కుర్రాళ్లు వస్తారు. చిక్కంతా అవతల దింపేచోటే. తెల్లారగట్ల 4 గంటలకు హైదరాబాద్‌లో గోడౌన్ ముందు లారీ ఆగుతుంది. అక్కడ కప్పీ ఉండదు. ఇద్దరు హమాలీలు, నేలమీద ఒక పాత టైరు, అంతే. 200 కిలోల సరుకును అంచుదాకా దొర్లించి ఆ టైరు మీదికి వదిలేస్తారు. మన ప్యాకింగ్ తట్టుకోవాల్సింది ఆ ఒక్క దెబ్బనే.

ఈ సంగతి నాకు డబ్బు పోయాకే తెలిసింది. ఒకసారి గేర్‌బాక్సుకు గోనెపట్టా చుట్టి, నైలాన్ తాడు బిగించి పంపేశాను. చేరాక చూస్తే పట్టా ఎక్కడా చిరగలేదు. విప్పితే ఇంజిన్‌కు బిగించే గంట ఆకారపు అల్యూమినియం తొడుగు, అదే బెల్ హౌసింగ్, దాని బోల్టు చెవి ఒకటి విరిగి, పట్టా మడతలో పడి ఉంది. ఆర్గాన్ వెల్డింగ్‌కీ, మళ్లీ బోల్టు రంధ్రం వేయించడానికీ అయిన ఖర్చుతో రెండు చెక్కపెట్టెలు చేయించేవాణ్ణి.

ముందు ఆయిల్. డ్రెయిన్ ప్లగ్ విప్పి రాత్రంతా వదిలేయండి. పైకి కారడం ఆగినా లోపల గేర్ల సందుల్లో ఇంకా ఉంటుంది. పొద్దున కొత్త వాషరు వేసి ప్లగ్ బిగించండి. చాలామంది మరిచిపోయేది బ్రీదర్‌ని, అంటే బాక్సు పైన గాలి ఆడే చిన్న రంధ్రాన్ని. బాక్సు ఒరిగితే మిగిలిన ఆయిల్ అందులోంచే కారుతుంది. పక్కన బట్టల మూట ఉందా, ఆ నష్టం మీ మెడకే చుట్టుకుంటుంది. బ్రీదర్‌కి టేపు వేయండి.

తర్వాత గేర్ లివరు విప్పేయండి. అది ఉంటే ఎవరైనా దాన్నే పిడిలా పట్టుకుని లాగుతారు. ఆ రంధ్రం మీద ప్లైవుడ్ ముక్క పెట్టి, దాని బోల్టులతోనే బిగించండి. లోపలికి వేస్ట్ కాటన్ మాత్రం కుక్కొద్దు, పోగులు బేరింగుల్లోకి పోతాయి. ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిన్ వైపు బయటికి ఉండే కడ్డీ) పళ్లకు గ్రీజు రాసి, పాత సైకిల్ ట్యూబు తొడిగి, దానిమీద పీవీసీ పైపు ముక్క ఎక్కించండి. షాఫ్టుకు తాడు కట్టి ఎత్తనివ్వకండి.

ఇక అసలు పని, అడుగు పీఠం. 4 అంగుళాల మందం దుంగలు రెండు, వాటి మీద అడ్డంగా పలకలు. పీఠం అన్నివైపులా గేర్‌బాక్సు కంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే మలుపులో బోల్తా పడుతుంది. మామిడి చెక్క చవకే, కానీ పచ్చిది కొంటే ఎండేకొద్దీ మేకులు వదులవుతాయి. గేర్‌బాక్సును దాని మౌంటింగ్ రంధ్రాల్లోంచే పీఠానికి బోల్టులు దించి, కింద ఇనుప ప్లేటు వేసి బిగించండి. బెల్టులు పైన అదనంగా వేసుకోవచ్చు. బెల్టు ఒక్కదాన్నే నమ్మితే నాలుగు స్పీడ్ బ్రేకర్లకు అది వదులవుతుంది. దుంగల ఎత్తు ఎందుకంటారా? హమాలీ గడ్డపార దూర్చేది ఆ సందులోకే. సందు లేకపోతే అల్యూమినియం కిందకే దూరుస్తాడు.

పైన నిండా మూసిన పెట్టె కంటే చట్రమే మేలని నా లెక్క. లోపల ఏముందో కనిపిస్తే చేయి జాగ్రత్తగా పడుతుంది, పైన ఇంకో సరుకు పెట్టడానికీ వెనకాడతారు. బరువు ఎంతో పెద్ద అంకెలతో రాయండి, పై వైపుకి బాణం గీయండి. వానాకాలమైతే పాలిథిన్ పైన మాత్రమే కప్పండి. చుట్టూ బిగించి కడితే లోపల చెమ్మ పట్టి తుప్పొస్తుంది. విదేశాలకు పంపేదైతే మామూలు చెక్క పనికిరాదు. మామూలుగా లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించి, ముద్ర వేసిన చెక్క వాడతారు.

పార్సిల్ ఆఫీసులో తొందరపడకండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి అంటే 2 రోజులు. ఎల్ఆర్‌లో (లారీ రసీదులో) ‘మెషినరీ పార్ట్స్’ అని గీకనివ్వకుండా గేర్‌బాక్సు అనీ, సీరియల్ నంబరూ, విలువా రాయించండి. విలువ రాయించినంత మాత్రాన అంతా తిరిగొస్తుందనుకోకండి. ఎక్కువ రిస్కు రేటు (నష్టానికి ఎక్కువ బాధ్యత తీసుకునేందుకు అదనపు కిరాయి) కట్టకపోతే, ట్రాన్స్‌పోర్టు వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి 10 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఖరీదైన బాక్సుకి విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించుకోవడం నయం. దెబ్బతింటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేకపోతే కోర్టు మెట్లెక్కినా లాభం లేదు.

కట్టేముందు నాలుగువైపులా, కట్టాక మరోసారి ఫొటోలు తీసి అవతలివాళ్లకు పంపండి. సంతకం పెట్టేముందే చెవులు, షాఫ్టు చూసుకోమనండి. పగులు కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాయాలి. బండికి బిగించాక బ్రీదర్ మీది టేపు తీయమని కూడా ఫోన్‌లో చెప్పండి. అది అలాగే ఉండిపోతే బండి వేడెక్కగానే లోపల గాలి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు కారడం మొదలెడతాయి.