ఇద్దరమే ఉన్న ఇంట్లో క్రిస్మస్ చేసుకోవడం ఎలా

మా ఇంట్లో ఉండేది నేనూ, పదేళ్ల మా బాబూ. గుంటూరులో నర్సుగా పని చేస్తున్నాను. డిసెంబరు వస్తుందంటే నాలా ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే తల్లులు కొందరు, "ఇద్దరికి ఏం చేసుకుంటాం అక్కా, చర్చికెళ్లొచ్చి బిర్యానీ తెప్పించుకుంటాం" అంటుంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఇంటినిండా చుట్టాలు లేకపోయినా పిల్లలు పండుగ చేసుకుంటారు. వాళ్లకు కావాల్సిందల్లా ఏటా తప్పకుండా వచ్చే పనులు కొన్ని. వాటిలో ఒకటి రెండింటి మీద పెత్తనం పూర్తిగా వాళ్లకే ఉండాలి. మేం చేసేవి చెబుతాను, మీకు కుదిరినవి తీసుకోండి.

ముందు సెలవు సంగతి నవంబరులోనే తేల్చుకోండి. మా వార్డులో నేను సంక్రాంతికి డ్యూటీ చేస్తానని మాటిచ్చి 24 రాత్రి, 25 పగలు మార్పించుకుంటాను. పండుగ దగ్గరపడ్డాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు. భార్యాభర్తలు వేరుగా ఉంటుంటే పిల్లలు ఏ రోజు ఎవరి దగ్గర ఉంటారన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఆ మాటలు పెద్దవాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవాలి, పిల్లల చేత కబుర్లు పంపకూడదు. మా బాబు చదివేది మిషనరీ స్కూలు కాబట్టి క్రిస్మస్ సెలవులు ఉంటాయి. 26 ఉదయం వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి, బడి తెరిచే ముందు వస్తాడు. అందుకే మా పండుగ బరువంతా 25కి ముందే ఉంటుంది.

మొదలు కొవ్వొత్తులతో. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అంటే యేసు రాక కోసం ఎదురుచూసే రోజులు. స్టీలు పళ్లెంలో ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు గుచ్చండి. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా పెంచుకుంటూ వెలిగించాలి. వెలిగించేది బాబు, లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాల్లోంచి కొంచెం కొంచెం చదివేది నేను. కీర్తనల పుస్తకంలోంచి ఒక చరణం పాడుకుంటాం. పది నిమిషాల పని. సాయంత్రం డ్యూటీ పడితే పొద్దున్నే కానిచ్చేస్తాం. ఈ అలవాటు పుట్టిందే పిల్లల కోసం. 1839లో జర్మనీలోని హాంబుర్గ్‌లో, పేద పిల్లల ఆశ్రమం నడిపే విఖెర్న్ అనే పాస్టరు, పండుగ ఎప్పుడొస్తుందని ఎదురుచూసే పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజులు లెక్కపెట్టించాడు. బాబుకు ఈ కథంటే చాలా ఇష్టం, ప్రతి ఏడూ మళ్లీ చెప్పమంటాడు.

నక్షత్రం డిసెంబరు మొదటి వారంలో కట్టేయండి. కాగితం నక్షత్రంలో ఎల్‌ఈడీ బల్బే వాడండి, పాతరకం బల్బు వేడికి కాగితం మాడుతుంది. వైరు అతుకులకు ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టాలి. రాత్రి మంచుకు కాగితం మెత్తబడుతుంది కాబట్టి వరండా చూరు కిందికి వచ్చేలా కట్టుకుంటే మంచిది. స్టూలు ఎక్కేది నేను, పట్టుకునేది బాబు. స్విచ్ మాత్రం వాడిదే. సాయంత్రం వాడు వేసేదాకా నేను ముట్టుకోను.

యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టుకోవడానికి చెప్పుల డబ్బా చాలు. డిసెంబరులో మా చుట్టుపక్కల వరికోతలు అవుతుంటాయి, ఎవరినడిగినా పిడికెడు గడ్డి ఇస్తారు. పండుగకు పది పన్నెండు రోజుల ముందు చిన్న కప్పుల్లో మట్టి పోసి ఆవాలు చల్లితే, 25 నాటికి పాక ముందు పచ్చగా ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉంచండి. బాలయేసు బొమ్మను 24 రాత్రి పిల్లల చేత పెట్టించాలి. బాలయేసును చూడడానికి వచ్చిన జ్ఞానుల బొమ్మల్ని పాక దగ్గర అప్పుడే పెట్టొద్దు. వాళ్లు తూర్పు నుంచి నడిచి రావాలిగా! మా ఇంట్లో వాళ్లు తూర్పు కిటికీ దగ్గర బయల్దేరతారు, రోజుకు కొంచెం జరుగుతారు. వాళ్లు బంగారం, సాంబ్రాణి, బోళమనే సువాసన బంక తెచ్చారని చదివిన రోజు ఇంట్లో సాంబ్రాణి వేయండి. వాక్యంలో ఉన్న ఆ వాసన పిల్లలకు నిజంగా తగులుతుంది.

అరిసెలు ఒక్కరే చేస్తే చాలా కష్టం, ఇద్దరుంటే హాయి. అరకిలో బియ్యానికి 350 గ్రాముల బెల్లం వేస్తాను. పాత బియ్యం ఒక రాత్రి, ఒక పగలు నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వాడ్చి, తడి ఆరకముందే మరపట్టించి జల్లించండి. పండుగ వారంలో పిండిమర దగ్గర నిలబడడానికి చోటుండదు, నాలుగు రోజులు ముందే వెళ్లండి. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. అక్కడ పొయ్యి కట్టేసి, గిన్నెను కింద చుట్టకుదురు మీద కదలకుండా పెట్టండి. నేను కలుపుతుంటే బాబు కాస్త ఎడంగా కూర్చుని గ్లాసుతో పిండి పోస్తాడు. ఉండ కట్టకుండా కలపాలంటే ఈ రెండో చెయ్యి ఉండాల్సిందే. చలిమిడి రుచి చూసే హక్కు వాడిది. నెయ్యి రాసిన కవరు మీద నువ్వులద్ది ఒత్తేదీ వాడే. వంకర వస్తే సరిచేయకండి, ఆ అరిసె అలాగే వేయించండి. నూనె దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వద్దు. వేయించడం, రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కి నూనె తీయడం పెద్దవాళ్ల పని. కేకు చేయడం వస్తే చేయండి, లేకపోతే కొనుక్కోండి.

ఇంటింటికీ వచ్చి పాటలు పాడే క్యారల్స్‌కు చర్చి యూత్ వాళ్లు ఏ అర్ధరాత్రో వస్తారు. ఇంట్లో ఆడమనిషి, పిల్లాడే ఉంటారు కాబట్టి మా వీధికి ఎన్నింటికి వస్తారో ముందే కనుక్కుంటాను. బాబును తొమ్మిదింటికే పడుకోబెట్టి, ఫోన్ రాగానే లేపుతాను. నేను టీ ఫ్లాస్కులో పోసి పెడితే, కానుక కవరు వాడు అందిస్తాడు. క్రిస్మస్ తాత చెయ్యి పట్టుకుని గంతులేసేదీ వాడే.

25 ఉదయం ఆరాధన నుంచి రాగానే బట్టలు మార్చుకోకముందే ఇరుగుపొరుగుకు పళ్లేలు పంచండి. ఎవరెవరికి ఇవ్వాలో పాత నోటుబుక్కులో బాబు రాసుకుంటాడు, కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ల పేర్లు కలుపుతాడు. మధ్యాహ్నం భోజనానికి కనీసం ఒక్కరినైనా పిలవండి. ఊరికి వెళ్లలేక హాస్టల్లో ఉండిపోయిన మా జూనియర్ నర్సులు వస్తారు. వాళ్లకు నీళ్లిచ్చి, వడ్డించి, బాబు ఆ పూటకు ఇంటి పెద్దయిపోతాడు.

బాబు వెళ్లాక నాకు ఇల్లు వెలితిగా ఉంటుంది, దాచుకోను. అందుకే జ్ఞానుల ప్రయాణం 25తో ఆపలేదు. వాళ్లు పాక చేరేది జనవరి 6న, జ్ఞానులు యేసును చూసినదాన్ని తలచుకునే ప్రత్యక్షత పండుగ రోజున. అప్పటిదాకా రోజూ వాళ్లను జరిపి ఫొటో పంపుతాను. "ఫ్రిజ్ మీద ఎక్కించమ్మా" అని అక్కడి నుంచి చెబుతాడు. వాళ్ల నాన్నా ఆ ఫొటోలు చూస్తాడు, చూడనివ్వండి. చివరి అడుగు మాత్రం బాబు తిరిగొచ్చి వేయిస్తాడు.

మర్నాడు అన్నీ సర్దేయాలి. బల్బు తీసి నక్షత్రం మడవండి, బొమ్మలకు ఒక్కోదానికి పాత న్యూస్‌పేపర్ చుట్టండి. వచ్చే ఏడాదికి ఏం కొనాలో అట్టపెట్టె మీదే పిల్లల చేత రాయించండి. ఆ పెట్టె అటక మీదికి ఎక్కించకుండా మంచం కింద పెట్టుకుంటే, దించడానికి ఇంకొకరి సాయం అడగక్కర్లేదు.