చలిగదిలో మొరాయించిన జిప్పు: నా అనుభవం

అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి స్థావరాలకు దూరంగా మంచు మీద పనిచేసే శాస్త్రవేత్తల కోసం మడిచి తీసుకెళ్లే గుడారం చేస్తున్నాం. మా షెడ్డు బాలానగర్‌లో. బయట మే నెల ఎండ, పరీక్ష మాత్రం అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజీలో, మైనస్ 20 దగ్గర.

మొదటి రాత్రి ఇద్దరం లోపలే పడుకున్నాం. తెల్లారేసరికి కప్పు లోపలివైపు ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. చెయ్యి తగలగానే మెడ మీద రాలింది. అదంతా మా ఊపిరిలోని తేమే! అల్యూమినియం గొట్టాల చుట్టూ ఇంకా మందంగా పేరుకుంది. గుడ్డ ఎన్ని పొరలు వేసినా, లోహం లోపలి నుంచి బయటికి నేరుగా వెళ్తే వేడి దాని వెంటే పోతుంది. ఫ్రేము మొత్తం బయటికి మార్చి, లోపలి గుడ్డను ఫైబర్ కొక్కేలకు వేలాడదీశాం. పైనా కిందా గాలి రంధ్రాలు పెట్టాం. స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి వీటి విషయంలో నేను రాజీపడను. పొర బాగా తగ్గింది.

అసలు టెన్షన్ పెట్టింది జిప్పు. పళ్ల మధ్య తేమ గడ్డకట్టింది, మందపాటి గ్లవ్స్‌తో పట్టు దొరకలేదు. పది నిమిషాలు లోపలే ఇరుక్కుపోయాం.

మా టైలర్ మాస్టారు చూసి, "జిప్పెందుకు సార్, బియ్యం సంచి మూతిలా గుడ్డ తొడుగు కుట్టి తాడు బిగిద్దాం" అన్నారు. అంటార్కిటికాలో దశాబ్దాలుగా వాడుతున్న పిరమిడ్ టెంట్ల ద్వారం అచ్చం అలాంటిదే!

ఇప్పుడు గ్లవ్స్ తీయకుండానే తెరుచుకుంటోంది. తాడు చివరి ముడిని నిమ్మకాయంత చేయించాను. అంతకన్నా చిన్నదైతే మొద్దుబారిన వేళ్లకు అందదు.