ద్విపద సిద్ధాంతం, 4వ భాగం: గుణకాల మొత్తాలు బట్టీ పట్టకండి

పోయిన భాగంలో (1 + ఎక్స్) హోల్ పవర్ 4ను విస్తరిస్తే గుణకాలు 1, 4, 6, 4, 1 వచ్చాయి, ఎక్స్ దగ్గర 1 పెడితే మొత్తం 16 అయింది. ఇక్కడిదాకా ఎవరికీ టెన్షన్ ఉండదు. ఆ గుణకాలనే వరసగా 0, 1, 2, 3, 4తో గుణించి కూడమంటే మొదలవుతుంది. హనుమకొండలో ఏ ఇంటర్ సెకండియర్ పిల్లవాణ్ని అడిగినా "ఎన్ ఇంటూ 2 పవర్ ఎన్ మైనస్ 1" అని టక్కున చెప్తాడు, ఎందుకురా అంటే దిక్కులు చూస్తాడు.

ముందు కూడి చూద్దాం: 0 + 4 + 12 + 12 + 4 = 32. అటు 4 × 2³ కూడా 32.

ఇప్పుడు కారణం. వాడలో నలుగురు అమ్మాయిలున్నారు, వాళ్లలో కొందరు బతుకమ్మకు తంగేడు పూలు కోసుకురావాలి, వెళ్లేవాళ్లలో ఒకరు జట్టుకు పెద్ద. ఇద్దరు వెళ్తే జట్టు 6 రకాలు, అందులో పెద్ద 2 రకాలు, మొత్తం 12. ఒకరు, ముగ్గురు, నలుగురు వెళ్లే లెక్కలూ ఇలాగే వేసి కలిపితే పైన కూడిన వరసే వస్తుంది. అలా కాకుండా ముందే పెద్దను తేల్చేయండి: 4 రకాలు. మిగతా ముగ్గురిలో ఒక్కొక్కరు వస్తే వస్తారు లేకపోతే లేదు, అంటే 2 × 2 × 2. లెక్కపెట్టింది అవే జట్లను కాబట్టి రెండూ సమానం కాక తప్పదు. నలుగురి బదులు ఎన్ మంది అన్నా అంతే.

పరీక్షలో ఈ కథంతా రాయకండి. మొత్తాన్ని ఎస్ అనుకుని, దాని కింద అదే వరసను తిరగేసి రాయండి; గుణకాలు ఎటునుంచి చూసినా ఒకటే కాబట్టి నిలువునా కూడితే ప్రతి గుణకం పక్కనా 4 వస్తుంది, 2ఎస్ = 4 × 16, అయిపోయింది.

గుణకాల వర్గాల మొత్తం ఇంకా తేలిక. 1 + 16 + 36 + 16 + 1 = 70, అదే 8సీ4, అంటే ఎనిమిది మందిలో నలుగురిని ఎన్ని రకాలుగా తీయొచ్చో ఆ సంఖ్య. హనుమకొండ వాళ్లు నలుగురు, కాజీపేట వాళ్లు నలుగురు, మొత్తం మీద నలుగురిని తీయాలి; ఇద్దరిద్దరు అయితే 6 × 6, ఇటు ఒకరు అటు ముగ్గురు అయితే 4 × 4. మిగతావి మీరే వేసుకోండి. (ఈ గుణకాలను వరస కింద వరసగా పేర్చిన దాన్ని పాస్కల్ త్రిభుజం అంటున్నాం గానీ, పాస్కల్ పుస్తకం అచ్చయింది 1665లో, పదో శతాబ్దంలోనే హలాయుధుడు పింగళుని ఛందస్సుకు వ్యాఖ్య రాస్తూ మేరు ప్రస్తారంగా ఇదే చెప్పాడు, నాలుగక్షరాల్లో రెండు గురువులు ఎన్ని రకాలుగా పడతాయన్నా జవాబు 6.)

అభ్యాసం: పూల జట్టులో పెద్దతో పాటు బుట్ట మోసే ఇంకొకరిని కూడా ఎంచండి, ఇద్దరూ ఒకరే కాకూడదు. రెండు దారుల్లోనూ 48 రావాలి. ఎన్ మందికి సూత్రం రాసిపెట్టుకోండి, గుణకాలను 1, 4, 9, 16తో గుణించి కూడే లెక్కను వచ్చే భాగంలో దానితోనే తీస్తాం.