పిన్–భాబా కనుమ దాటాలనుకునేవారికి

హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో కాఫ్నూ గ్రామం దగ్గర మొదలై, సుమారు 4,900 మీటర్ల ఎత్తున ఉన్న పిన్–భాబా కనుమను దాటి, స్పితి లోయ వైపు ముద్ గ్రామంలో దిగే ఈ కాలిబాట మీద మధ్యలో ఒక్క ఊరు కూడా తగలదు. జనసందడి లేని దారి కావాలని కోరుకున్నప్పుడు ఆ సందడి వెంట వచ్చే టీ కొట్టు, మంచం, ఫోన్ సిగ్నల్ కూడా ఉండవు కాబట్టి, సామాను కంటే ముందు రోజుల లెక్క చూసుకోవాలి.

నడకకు ఐదు రోజులు, సిమ్లా నుంచి కాఫ్నూకు ఒక రోజు, ముద్ నుంచి స్పితిలోని ముఖ్య పట్టణం కాజా మీదుగా తిరుగు ప్రయాణానికి రెండు రోజులు పడతాయనుకుని, వాటికి మరో రెండు రోజులు కలపాలి. సెలవు చాలదని ఈ రెండింటినీ కొట్టివేయడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోయినా, ఒకరికి తలనొప్పి తగ్గక శిబిరంలో ఆగవలసి వచ్చినా ఆదుకునేవి అవే.

ముద్ దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. వాహనంలో అక్కడ దిగి వెంటనే పైకి నడిస్తే ఒంటికి ఎత్తు అలవాటయ్యే వ్యవధి ఉండదు. కాఫ్నూ నుంచి వెళ్లి ములింగ్, కారా, ఫుస్తిరంగ్ మజిలీలలో ఆగుతూ ఎక్కడమే మేలు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలి. అందుకే కారాలో రెండు రాత్రులు ఉండమంటాను. వాంతులతో తలనొప్పి ముదిరినా, మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవలేక తూలుతున్నా, ఆ మనిషిని చీకటి పడినా సరే కిందికి దించాలి.

జూన్‌లో కనుమపై మంచు మిగిలి ఉంటుంది. జూలై, ఆగస్టులలో స్పితి వానచాటు ప్రాంతంగా పొడిగా ఉన్నా, కాఫ్నూ వైపు ఉన్న భాబా లోయ తడిసి ముద్దవుతుంది. చలికి ఓర్చుకోగలిగితే సెప్టెంబరు మొదటి సగం నయం.

మంచు కరిగిన నీటితో మధ్యాహ్నానికి వాగులు ఉబ్బుతాయి కాబట్టి వాటిని తెల్లవారుజామునే దాటాలి. చెప్పులు విప్పకుండా, సంచి నడుము పట్టీ విప్పుకుని, ప్రవాహానికి ఎదురు తిరిగి, కర్రను ముందు ఆనించి, ఒక పాదం కుదురుకున్నాకే రెండోది కదపాలి; కాలు జారితే సంచిని వదిలేయగలగాలి.

అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. అందుచేత మజిలీల వివరాలను, ఏ తేదీ దాటితే వెతుకులాట మొదలుపెట్టాలో దానిని కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ఆ తేదీలో అదనపు రోజులు రెండూ కలిసి ఉండాలి. లేకపోతే మీరు కారాలో నింపాదిగా విశ్రాంతి తీసుకుంటుండగా ఇంట్లోవాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు.