ఊరికి బోటు ర్యాంప్ కావాలంటే: సీఆర్‌జెడ్ అనుమతి తెచ్చుకునే దారి

పడవలు నీళ్లలోకి దించడానికి, మళ్లీ ఒడ్డుకు లాగడానికి ఊళ్లో ఒక సిమెంటు ర్యాంప్ ఉంటే బాగుంటుందని పంచాయతీ తీర్మానం చేస్తుంది. నిధులు ఏదో ఒక స్కీములో పెట్టిస్తామని పెద్దలు మాటిస్తారు. వారం తిరక్కుండా ఒక ఇంజనీరు వచ్చి డ్రాయింగు గీసి, ఎస్టిమేటు వేసి వెళ్లిపోతాడు. చాలా ఊళ్ల ఫైళ్లు ఇక్కడే దారి తప్పుతాయి, ఎందుకంటే గీసిన డ్రాయింగుకి తగ్గ చోటు వెతకడం మొదలవుతుంది. సముద్రం ఒడ్డున పనికి అనుమతి వస్తుందా రాదా అన్నది సగానికి పైగా మీరు చోటు ఎంచుకున్న రోజే తేలిపోతుంది. ఆ తర్వాత తయారుచేసే మ్యాపులు, రిపోర్టులు అన్నీ ఆ ఎంపిక సరైనదని చూపించడానికే.

ఇక్కడ చెప్పేది ఆంధ్ర తీరంలో చిన్న పబ్లిక్ ర్యాంప్ గురించి మాత్రమే. ఫిషింగ్ హార్బర్ లెక్క వేరు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 10,000 టన్నులు, ఆ పైన చేపలు దించే సామర్థ్యం ఉన్న హార్బరుకి పూర్తి పర్యావరణ అనుమతి కావాలి. పాతిక ముప్పై ఫైబర్ బోట్లు వాడుకునే ర్యాంప్ దానికి చాలా కింద ఉంటుంది కాబట్టి మీకు ప్రధానంగా కావలసింది కోస్టల్ రెగ్యులేషన్ జోన్ క్లియరెన్స్, అందరూ సీఆర్‌జెడ్ అనే మాట అదే. అయితే దరఖాస్తులో గొప్ప కోసం "భవిష్యత్తులో జెట్టీ, డీజిల్ బంకు, కోల్డ్ స్టోరేజీ" అని రాసుకోవద్దు, అడిగే ప్రశ్నలన్నీ వాటి మీదే వస్తాయి. అలాగని నిజంగా కట్టబోయే పెద్ద పనిని ముక్కలు చేసి చిన్నదిగా చూపించడం కూడా చేయకండి, తర్వాత కోర్టులో నిలబడదు.

సీఆర్‌జెడ్ నిబంధనలు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. మొదటి నోటిఫికేషన్ 1991లో, తర్వాత 2011లో, ఆ తర్వాత 2019 జనవరి 18న వచ్చాయి. 2019 నోటిఫికేషన్ ఒక చోట వర్తించాలంటే దాని ప్రకారం తయారైన తీర నిర్వహణ ప్రణాళిక, అంటే ఆ మ్యాపు, ఆమోదం పొంది ఉండాలి. అది కాకముందు పాత 2011 లెక్కే నడుస్తుంది. అందుకని రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీ ఆఫీసులో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: మా సర్వే నంబరుకి ఏ మ్యాపు వర్తిస్తుంది? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి. కింద నేను చెప్పేవి 2019 లెక్కలు.

అమావాస్య, పౌర్ణమి పెద్ద పోటుకి నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతే హై టైడ్ లైన్. సముద్రం వైపు ఆ గీత నుంచి నేల మీదకి 500 మీటర్లు సీఆర్‌జెడ్ కిందికి వస్తుంది. ఉప్పుటేరు, నది మొగ అయితే ఒడ్డు నుంచి 50 మీటర్లు లేదా ఏరు వెడల్పు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. ఏరు పైకి ఎంతదాకా ఈ లెక్క అంటే, నడి వేసవిలో నీళ్లలో వెయ్యికి 5 పాళ్ల ఉప్పు ఉన్న చోటిదాకా. ఇదంతా మళ్లీ నాలుగు జోన్లుగా విడదీశారు. పోటుకి, పాటుకి మధ్య తడిసే నేల ఒకటి-బి జోన్. పాటు గీత కింద సముద్రం, ఏరు, వాటి అడుగు నేల నాలుగో జోన్. గట్టు మీద పల్లెటూరైతే మూడో జోన్, కట్టడాలతో నిండిన పట్టణమైతే రెండోది. మూడో జోన్‌లో మళ్లీ జనసాంద్రతని బట్టి 50 మీటర్లో 200 మీటర్లో నో డెవలప్‌మెంట్ జోన్, అంటే మామూలు కట్టడాలకి వీల్లేని పట్టీ, ఉంటుంది.

ఇప్పుడు మీ ర్యాంప్ కొలత వేసుకోండి. మన తీరంలో పెద్ద పోటుకి, పాటుకి తేడా మీటరున్నర అటూ ఇటూ. పాటులో కూడా బోటు తేలాలంటే ర్యాంప్ చివర ఇంకో మీటరు నీళ్లుండాలి, పైన పోటు గీతకి అర మీటరు ఎత్తు ఉంచాలి. మొత్తం మూడు మీటర్ల ఎత్తు తేడా. ఎనిమిదికి ఒకటి వాలు పెడితే పొడవు 24 మీటర్లు. ఈ 24 మీటర్ల సిమెంటు పలకలో పై కొస మూడో జోన్‌లో, నడుము ఒకటి-బిలో, కింది కొస నాలుగో జోన్‌లో పడతాయి. ఇంత చిన్న కట్టడం మూడు జోన్లు దాటుతుందన్న సంగతి డ్రాయింగు గీసినాయన చాలాసార్లు పట్టించుకోడు, "మూడో జోన్" అని ఒక్క మాట రాసి ఫైలు పంపేస్తాడు. అది తిరిగొస్తుంది.

మంచి విషయం ఏంటంటే ఒకటి-బి జోన్‌లో అనుమతించే పనుల్లో జెట్టీ, వార్ఫ్, క్వే పక్కనే స్లిప్‌వే అనే మాట కూడా ఉంది. మీరు కట్టే ర్యాంప్ అదే కాబట్టి దరఖాస్తులో ఆ మాటనే వాడండి. "బీచ్ అభివృద్ధి", "టూరిజం ఘాట్" లాంటి పేర్లు పెడితే ఏ క్లాజు కింద చూడాలో చూసేవాళ్లకి తెలియక ఫైలు ఆగుతుంది. ఒకటో జోన్, నాలుగో జోన్ పనులు రాష్ట్ర అథారిటీ సిఫార్సుతో కేంద్ర పర్యావరణ శాఖకి వెళ్లాలని 2019లో రాశారు, తర్వాత సవరణలు వచ్చాయి. దరఖాస్తు వేసే నాటికి సవరణలన్నీ కలిపిన పాఠం డౌన్‌లోడ్ చేసుకుని, ఆఖరి సంతకం ఎవరిదో ముందే తేల్చుకోండి.

ఇక చోటు. మడ అడవి ఉన్న గట్టు జోలికి అసలు వెళ్లొద్దు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లున్న మడ అడవి ఒకటి-ఎ జోన్, అది వెయ్యి చదరపు మీటర్లు మించి ఉంటే దాని చుట్టూ 50 మీటర్లు కూడా ఒకటి-ఎ అవుతుంది, అక్కడ ర్యాంప్‌కి దారి లేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక, ఇసుక దిబ్బలు, జీవం ఉన్న బురద మేటలు, పక్షులు గూళ్లు పెట్టే చోట్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. దిబ్బని చదును చేయడం నిషేధం కాబట్టి "కొంచెం లెవెల్ చేస్తే ట్రాక్టర్ దిగుతుంది" అనే ఆలోచన మానుకోండి. కోరింగ, తూర్పు గోదావరి, కృష్ణా తీరాలు అతి సున్నిత తీర ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. కోరింగ అయితే అభయారణ్యం కూడా, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం వచ్చి పడుతుంది. రిజర్వు ఫారెస్టు భూమి అయితే 1980 అటవీ చట్టం అనుమతి విడిగా కావాలి. ఇన్ని తలుపులు తట్టే బదులు అర కిలోమీటరు పక్కకి జరగడం నయం.

నా అభిప్రాయం అడిగితే తెరిచిన సముద్రం ఒడ్డు కన్నా ఉప్పుటేరు గట్టు వందసార్లు మేలు. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చే ఏ గట్టి కట్టడమైనా ఆ ఇసుకని ఆపుతుంది, దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోత పెడుతుంది. విశాఖలో హార్బరు దగ్గర ఆగిన ఇసుకని డ్రెడ్జ్ చేసి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తున్నది అందుకే. ఉప్పాడలో ఇళ్లకి ఇళ్లు సముద్రంలో కలిసిపోవడం చూసిన జిల్లాలో కోత అన్న మాటని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. తప్పనిసరై సముద్రం వైపే కట్టాల్సి వస్తే ర్యాంప్ పై తలం ఇసుక మట్టానికే ఉండాలి, పక్కన ఎత్తు గోడలు ఉండకూడదు, ఇసుక దాని మీదుగా దాటిపోవాలి. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం తీరరేఖ మార్పుల మ్యాపులు ప్రచురించింది, మీ ఊరి తీరం కోతలో ఉందో మేటలో ఉందో వాటిలో చూడండి. ఆ మ్యాపు తీసుకెళ్లి ఊళ్లో వలేసే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఏ నెలలో ఎక్కడ కోస్తుందో, మొగ ఎటు జరిగిందో, పోయిన తుఫానుకి నీళ్లు ఏ తాటిచెట్టు దాకా వచ్చాయో వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. దాన్ని తేదీలతో రాసి, సంతకాలతో ఫైలులో పెట్టండి.

చోటు కుదిరాక అసలు ఖర్చు మ్యాపుది. 1:4000 స్కేలు సీఆర్‌జెడ్ మ్యాపుని మీ ఇంజనీరు గీస్తే చెల్లదు, కేంద్రం గుర్తించిన సంస్థలే తయారుచేయాలి. చెన్నైలో అన్నా యూనివర్సిటీ రిమోట్ సెన్సింగ్ సంస్థ, అదే క్యాంపస్‌లో ఉన్న ఎన్‌సీఎస్‌సీఎం (సుస్థిర తీర నిర్వహణ జాతీయ కేంద్రం) లాంటివి అవి. వాళ్లు హై టైడ్, లో టైడ్ గీతలు చూపించి, మీ లేఅవుట్‌ని దాని మీద పరుస్తారు, చుట్టూ 7 కిలోమీటర్ల వరకు సున్నిత ప్రాంతాలన్నీ చూపిస్తారు. లేఅవుట్ అంటే ర్యాంప్ ఒక్కటే కాదు, ట్రాక్టరు తిరిగే చోటు, పార్కింగు, రోడ్డు, దీపాల స్తంభాలు, తాత్కాలిక షెడ్డు కూడా. మ్యాపు అయ్యాక పార్కింగు పది మీటర్లు జరిపినా మళ్లీ మొదటికొస్తుంది.

మ్యాపుతో పాటు ఫారం, ప్రాజెక్టు వివరాలు, సముద్ర జీవుల మీద, నేల మీద ప్రభావం చెప్పే అధ్యయన రిపోర్టు, ప్రమాదాల అంచనా, విపత్తు ప్రణాళిక, కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఎన్‌ఓసీ లేదా స్థాపన సమ్మతి, ఇవన్నీ కేంద్ర పర్యావరణ శాఖ ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్ పరివేష్‌లో పెట్టాలి. స్థలం పోరంబోకు అయితే రెవెన్యూ నుంచి, మత్స్యశాఖ నుంచి, పోర్టు హద్దులో పడితే పోర్టు నుంచి ఎన్‌ఓసీలు ముందే తెచ్చుకోండి. రాష్ట్ర అథారిటీ 60 రోజుల్లో సిఫార్సు చేయాలని నిబంధన, కానీ ఆ 60 రోజులు మొదలయ్యేది ఫైలు పూర్తిగా ఉన్న రోజు నుంచి. ఒక్క కాగితం తక్కువైతే గడియారం నడవదు. జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో ఉండే కమిటీలో మత్స్యకారుల ప్రతినిధులు ఉండాలి, వాళ్లతో ముందే మాట్లాడండి.

రిపోర్టులో అందరూ కాపీ కొట్టే పేరాలు కాకుండా పని ఎలా చేస్తారో రాయండి. నీళ్లలో పచ్చి కాంక్రీటు పోస్తే నీటి క్షారం పెరిగి చేపపిల్లలు చస్తాయి కాబట్టి, పలకలు పోటు గీతకి పైన పోసి, గట్టిపడ్డాక పాటు సమయంలో దించి అమర్చుతామని రాయండి. ఇసుక బస్తాలతో తాత్కాలిక గట్టు కట్టి నీళ్లు తోడే పద్ధతి అయితే ఆ గట్టు ఎప్పుడు తీసేస్తారో రాయండి. ఆ బస్తాల్లోకి, కాంక్రీటులోకి బీచ్ ఇసుక వాడకూడదు, తీరంలో ఇసుక తవ్వకం నిషేధం. కాంట్రాక్టరుతో ఒప్పందంలోనే ఈ మాట పెట్టండి, ఎందుకంటే రాత్రిపూట ట్రాక్టరు పెట్టి తోడేది బీచ్ నుంచే. ర్యాంప్ కింది కొస దగ్గర ఇంజను ఫ్యాను తోపుకి గుంట పడుతుంది, అందుకని అక్కడ రాళ్లు పేర్చాలి, ఆ రాళ్ల విస్తీర్ణం కూడా లేఅవుట్‌లో చూపించాలి. వాన నీళ్లు పార్కింగు మీది నూనెతో సహా ర్యాంప్ మీదుగా ఏట్లోకి జారకుండా వాలు వెనక్కి ఇచ్చి, మట్టి ఆగే గుంట కట్టాలి. దీపాలు సముద్రం వైపు వెలుగు పడకుండా మూతలతో ఉండాలి, వెలుతురుకి తాబేలు పిల్లలు దారి తప్పుతాయి.

పని చేసే కాలం విషయంలో వేట నిషేధం మనకి కలిసొస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు ఒడ్డున ఉంటాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అప్పటికి చాలావరకు దాటుతుంది, మేలో ఒక్కోసారి తుఫాను వచ్చినా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే తుఫానుల కాలం ఇంకా రాదు. పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల గూళ్లు ఏవైనా మిగిలాయేమో అటవీ శాఖ వాళ్లతో చూపించుకోండి. ఏప్రిల్‌లో పని మొదలవ్వాలంటే ముందు ఏడాది వానాకాలంలోనే పూర్తి ఫైలు లోపల ఉండాలి. నిధులు మార్చిలోపు ఖర్చవ్వాలన్న ఒత్తిడితో క్లియరెన్స్ రాకముందే కంకర దించేవాళ్లు ఉంటారు, వాళ్లకి గట్టిగా చెప్పండి. ఆ కుప్ప ఫొటో ఒకటి చాలు ఎవరైనా చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్లడానికి.

మంజూరు మీద అప్పీలు చేయడానికి అదే ట్రిబ్యునల్‌లో 30 రోజుల గడువుంది, తగిన కారణం ఉంటే ఇంకో 60 రోజుల వరకు అనుమతిస్తారు. కాబట్టి ఉత్తర్వు వచ్చిన వెంటనే తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు బోర్డు మీద, ర్యాంప్ దగ్గర అంటించండి. పక్క పేట వాళ్లకి కూడా వాడుకునే హక్కుందని, వల ఆరబెట్టే చోటు తగ్గదని, జెట్‌స్కీల వాళ్లు వేట బోట్లకి అడ్డం రాకూడదని గ్రామసభలో ముందే రాసుకుంటే అప్పీలు దాకా పోయే గొడవలు చాలావరకు ఊళ్లోనే తేలతాయి. క్లియరెన్సులో రాసిన షరతుల మీద ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 31కి రిపోర్టు పంపాలి. ఆ పని ఎవరి పేరు మీద ఉందో తీర్మానంలో రాయండి. ప్రతిసారి ర్యాంప్‌కి రెండు పక్కలా ఒకే చోట నిలబడి, పాటు సమయంలో ఫొటోలు తీసి రిపోర్టుకి జతచేయండి. కోత మొదలైతే ముందు అక్కడే కనిపిస్తుంది, పలకలు ఇంకా లేపి సర్దుకునే వీలుండగానే.