624 దగ్గర లేని ఎరుపు

బొల్లికి, సోరియాసిస్‌కి ఇచ్చే లైట్ థెరపీలో 311–313 నానోమీటర్ల సన్నని యూవీ-బి కాంతి వాడతారు. గాడోలినియం అనే మూలకం సరిగ్గా అక్కడే వెలుగుతుంది కాబట్టి, దాన్ని కలిపిన ఇట్రియం బోరేట్ పొడి తయారు చేశాను.

274 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే 312 దగ్గర పీక్ వచ్చింది, సంతోషం. కానీ 624 దగ్గర ఇంకో చిన్న పీక్! ఎర్రగా వెలిగే యూరోపియం కలిసిందేమో అనుకున్నా. అదే ఫర్నేసులో యూరోపియం ఉండే ఎర్ర ఫాస్ఫర్లు (వెలిగే పొడులు) కూడా కాలుస్తుంటారు మరి. కొత్త క్రూసిబుల్ (పొడి కాల్చే గిన్నె) తెచ్చి మూడుసార్లు మళ్లీ చేశాను. పీక్ కదలదు. ఒకటే టెన్షన్.

ఒక రాత్రి గ్రాఫు చూస్తుంటే తట్టింది: 624 అంటే 312కి రెట్టింపు కదా! 548 దగ్గర కూడా చిన్న గుట్ట ఉంది, అది 274కి రెట్టింపు. పైగా యూరోపియమే అయితే 590 చుట్టూ గీతలు కనబడాలి, అవి లేవు. ఇది స్పెక్ట్రోమీటర్‌లో కాంతిని విడదీసే గ్రేటింగ్ చూపించే రెండో ఆర్డర్ నీడ, అంటే అసలు కాంతే రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర మళ్లీ కనబడటం, అంతే. పొడి తర్వాత, డిటెక్టర్ వైపు 400 కంటే తక్కువ కాంతిని ఆపే ఫిల్టర్ పెట్టి, ఎరుపు భాగం మళ్లీ స్కాన్ చేశాను. రెండూ మాయం.

పనిలో పనిగా పొడి మీద మామూలు గాజు మూత తీసి క్వార్ట్జ్‌ది పెట్టాను. గాజు 274ని చాలావరకు మింగేస్తుంది. 312 పీక్ ఒక్కసారిగా లేచింది.